ఎవరు రాశారన్నది సరే, ఎవరు అచ్చువేశారు?

గత డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఒక డిగ్రీ విద్యార్థి నన్ను ఆపి, "సార్, ఐదు నూర్లున్నయ్. కులం గురించి చదవాలంటే ఏం కొనమంటరు?" అని అడిగాడు. సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పేర్లు తెలియక కాదు. నాకు తోచిన పేర్లలో సగం ఆ ప్రాంగణంలో నేను చూసిన ఏ దుకాణంలోనూ లేవు. ఉన్నవాటిలో రెండు మూడు ఇంగ్లిష్ పుస్తకాలు. ఏ ఒక్కటి కొన్నా అతని ఐదు నూర్లు దాదాపు అక్కడితో సరి. చివరికి మూడు తెలుగు పుస్తకాలు కొనుక్కుని వెళ్లాడు. వాటి సంగతి తరువాత చెబుతాను.

ఏప్రిల్ 14, డిసెంబరు 6 వచ్చాయంటే చదవవలసిన పుస్తకాల జాబితాలు వస్తాయి. ఆ జాబితాల్లో రచయిత పేరుంటుంది, పుస్తకం పేరుంటుంది. ప్రచురణకర్త పేరు అరుదుగా ఉంటుంది, ఉన్నా ఎవరూ పట్టించుకోరు. ఇతర సాహిత్యం విషయంలో ఈ ఉపేక్ష పెద్ద నష్టం కాకపోవచ్చు. కుల వ్యతిరేక సాహిత్యం విషయంలో మాత్రం ఎవరు అచ్చువేశారన్నది పుస్తకపు నుదుటిరాతను నిర్ణయించిన విషయం. రాయడానికి ఒక పోరాటం, రాసింది అచ్చు కావడానికి మరో పోరాటం జరిగిన చరిత్ర ఇది.

అన్నిటికన్నా ప్రసిద్ధమైన ఉదాహరణతోనే మొదలుపెడదాం. లాహోరులోని జాత్ పాత్ తోడక్ మండల్ తన 1936 వార్షిక సభకు అధ్యక్షత వహించమని డాక్టర్ అంబేడ్కర్‌ను పిలిచింది. ఉపన్యాస పాఠం చూశాక, శాస్త్రాల ప్రామాణ్యాన్ని ప్రశ్నించే భాగాలను సవరించమని కోరింది. ఆయన ఒక్క అక్షరం మార్చడానికీ ఒప్పుకోలేదు. సభ రద్దయింది. అప్పుడాయన ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో 1,500 ప్రతులు అచ్చువేయించారు. అవి రెండు నెలల్లో అయిపోయాయి. కులాన్ని నిర్మూలించాలని పెట్టుకున్న సంఘమే వినడానికి భయపడిన మాటలు ఇవాళ మన చేతిలో ఉన్నాయంటే, రచయితే ప్రచురణకర్త కావడం వల్ల.

రెండవ కూర్పుకు 1937లో రాసిన ముందుమాటలో ఆయన అనువాదాల సంగతి ప్రస్తావిస్తారు. గుజరాతీ, తమిళ అనువాదాలు వచ్చాయనీ, మరాఠీ, హిందీ, పంజాబీ, మలయాళ అనువాదాలు సిద్ధమవుతున్నాయనీ చెబుతారు. తమిళంలో ఆ పని చేసింది పెరియార్ 'కుడి అరసు'. ఆ జాబితాలో తెలుగు లేదు. 1914లోనే బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరుపుకున్న జాతి మనది. 1917లో అదే ఊళ్లో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాసభ జరిగింది. అంటే చదువరులూ ఉన్నారు, ఉద్యమమూ ఉంది. ఆ రెంటినీ కలిపే అచ్చుయంత్రం లేదు. ఆ ముందుమాట చదివినప్పుడల్లా లేని తెలుగు పేరు దగ్గర నా చూపు ఆగుతుంది.

అంబేడ్కర్ జీవితంలో పత్రికా ప్రచురణ, పుస్తక ప్రచురణ రెండూ ఇదే వరుసలో సాగాయి. 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' వచ్చినప్పుడు, డబ్బు చెల్లిస్తామన్నా దాని ప్రకటన వేయడానికి 'కేసరి' నిరాకరించింది. ఆ పత్రికకు ఊపిరి పోసింది కొల్హాపూర్ ప్రభువు షాహు మహరాజ్ ఇచ్చిన 2,500 రూపాయలు. మూడున్నర దశాబ్దాల తరువాత, రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసి, కేంద్ర మంత్రిగా ఉండి దిగిన తరువాత కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. 1956 సెప్టెంబరులో ఆయన ప్రధాని నెహ్రూకు ఒక ఉత్తరం రాశారు. 'బుద్ధుడు, ఆయన ధమ్మం' అచ్చుకు దాదాపు ఇరవై వేల రూపాయలవుతుందనీ, అది తన శక్తికి మించినదనీ, బుద్ధుని 2,500వ జయంతి సందర్భంగా ప్రభుత్వం ఓ అయిదు వందల ప్రతులు కొంటే మేలనీ అడిగారు. జయంతి ప్రచురణలకు కేటాయించిన నిధులు అయిపోయాయని జవాబు వచ్చింది. ఉత్సవాలకు విదేశీయులు వస్తారు కనుక ఆ సమయంలో అమ్ముకోవచ్చని ఒక సలహా కూడా వచ్చింది. డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు. పుస్తకం 1957లో ఆయన స్థాపించిన విద్యాసంస్థ తరఫున వెలువడింది. దాని అచ్చు ప్రతిని ఆయన చూడలేదు.

ఇది నెహ్రూ మీద నింద మోపడానికి ఎత్తిన ముచ్చట కాదు. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, ఈ వరుస మారలేదన్నదే నా బాధ. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి వసంత్ మూన్ సంపాదకత్వంలో అంబేడ్కర్ రచనల సంపుటాలు తెచ్చింది. అది నిజంగా గొప్ప పని. కాని ఆ సంపుటాల ముద్రణ నిలిచిపోయిందన్న పత్రికా వార్తను చూసి 2021లో బొంబాయి హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టవలసి వచ్చింది. 2016 జూన్ 25 తెల్లవారుజామున ముంబయి దాదర్‌లోని అంబేడ్కర్ భవన్‌ను కూలగొట్టినప్పుడు అందులోని బుద్ధభూషణ్ ప్రెస్సు కూడా నేలమట్టమైంది. ఆయన పత్రికలు అచ్చయిన ముద్రణాలయ వారసత్వం అది.

దక్షిణాది అనుభవం కూడా ఇంతే. 1907లో పండిత అయోతిదాసర్ మద్రాసు నుంచి 'ఒరు పైసా తమిళన్' అనే వారపత్రిక నడిపారు. పేరులోనే వెల ఉంది. ఆయన రచనలు పోగై, సంపుటాలుగా మళ్లీ లోకానికి తెలిసింది 1999లో, పాళయంకోట్టైలోని ఒక జానపద పరిశోధన కేంద్రం పూనుకున్నప్పుడు. మధ్యలో తొంభై ఏళ్లకు పైగా తమిళ మేధావులు ఆయన పేరెత్తకుండానే ద్రావిడ చరిత్ర రాసుకున్నారు. మన వైపు చూస్తే, భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టారు. కుసుమ ధర్మన్న రాజమండ్రి నుంచి రాశారు, అచ్చువేశారు, పాడారు. వాళ్ల పత్రికల పూర్తి సంచికలు చూశామని చెప్పగలిగిన పరిశోధక విద్యార్థులు ఎందరున్నారు? గరిమెళ్ల పాట బడి పిల్లలకు తెలుసు. ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనం' ఎందరికి తెలుసు? రెండూ ఒకే కాలానివి. ఒకటి తెల్లదొరను వద్దన్నది, మరొకటి నల్లదొరను వద్దన్నది.

1985 జులై 17న కారంచేడు జరిగింది. ఆ తరువాత తెలుగునాట కులం గురించి మాట్లాడే భాష మారింది, ఆ భాషకు అచ్చు కూడా కావలసి వచ్చింది. దళిత మహాసభ కరపత్రాలు, ఉపన్యాసాల పుస్తకాలు ఊరూరా తిరిగాయి. 1989లో మొదలైన 'నలుపు' పత్రికకు బొజ్జా తారకం సంపాదకత్వం వహించారు. 1991 ఆగస్టు 6న చుండూరు. 1995లో త్రిపురనేని శ్రీనివాస్, జి. లక్ష్మీనరసయ్య కలిసి 'చిక్కనవుతున్న పాట' సంకలనం తెచ్చారు. ఇవేవీ పెద్ద ప్రచురణ సంస్థల పుణ్యం కావు. జీతంలోంచి మిగిల్చి, మిత్రుల దగ్గర చందాలు పోగుచేసి, ప్రూఫులు తామే దిద్దుకుని, కట్టలు భుజాన మోసుకుని సభల దగ్గర అమ్ముకున్న పుస్తకాలవి. తెలుగులో దళిత బహుజన కవి అంటే ఈనాటికీ చాలావరకు తన పుస్తకానికి తానే ప్రచురణకర్త.

ఈ నేపథ్యంలో హైదరాబాద్ బుక్ ట్రస్టు గురించి కొంత వివరంగా చెప్పాలి. 1980లో సి.కె. నారాయణరెడ్డి, గీతా రామస్వామి మరికొందరు మిత్రులతో కలిసి దానిని మొదలుపెట్టారు. సామాన్యుడు కొనగలిగిన వెలకు మంచి పుస్తకం ఇవ్వాలన్నది వాళ్ల సంకల్పం. తొలినాళ్లలో వచ్చిన వాటిలో అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసి చేసిన సంక్షిప్త అనువాదం 'ఏడు తరాలు' ఒకటి. ఆ పుస్తకం మన పల్లెల్లో ఏం చేసిందో సాహిత్య చరిత్రకారులు ఇంకా సరిగా లెక్క కట్టలేదు. ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన కుంటా కింటే కథ చదివి, తమ తాత పేరేమిటి, ముత్తాత ఏ దొర దగ్గర వెట్టి చేశాడు అని ఇంట్లో అడిగిన మాల మాదిగ యువకులు ఒకరిద్దరు కాదు. మన దళిత ఆత్మకథలకు వెనుక నిలబడిన పుస్తకాల్లో దానికీ చోటుందని నా నమ్మకం.

ఆ తరువాత అదే సంస్థ గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' తెచ్చింది. 1921 నుంచి 2002 వరకు దళిత స్త్రీలు రాసిన సాహిత్యాన్ని ఒకచోట చేర్చిన సంకలనమిది. దళిత స్త్రీలు ఈమధ్యనే రాయడం మొదలుపెట్టారన్న అపోహను ఆ ఉపశీర్షికలోని మొదటి సంవత్సరమే కొట్టిపారేస్తుంది. టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథ 'నేనే బలాన్ని' కూడా శ్యామల చేసిన పనే. మంత్రిగా దేవాదాయ శాఖను నిర్వహించిన అంటరాని కులపు స్త్రీ ఆమె. గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టి గుళ్లకు మంత్రి అయిన మనిషి! 1969 తెలంగాణ ఉద్యమంలోనూ, తరువాత మాదిగ దండోరాలోనూ నిలబడింది. ఆమెకు పాఠ్యపుస్తకాల్లో ఎంత చోటు దొరికిందో విద్యార్థులే చెప్పాలి.

ఇక ఇంగ్లిషులో ఈ పనిని ప్రత్యేకంగా భుజాన వేసుకున్న సంస్థ 'నవయాన'. 2003లో ఎస్. ఆనంద్, తమిళ రచయిత రవికుమార్ కలిసి స్థాపించారు. కేవలం కుల సమస్య మీద, కుల వ్యతిరేక దృష్టితో పుస్తకాలు వేస్తామని ప్రకటించుకోవడం అప్పటికి మన దేశపు ఇంగ్లిష్ ప్రచురణ రంగంలో కొత్త. వాళ్ల జాబితాలో తెలుగు నేలకు మంచి వాటా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పాకీ పని మీద గీతా రామస్వామి రాసిన 'ఇండియా స్టింకింగ్' 2005లో వచ్చింది. కంచ ఐలయ్య పిల్లల కోసం శ్రమ గౌరవాన్ని చెప్పిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' 2007లోనూ, గోగు శ్యామల కథలు 2012లోనూ వచ్చాయి. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు బొమ్మలు వేసిన 'భీమాయన' 2011లో వచ్చి అనేక భాషల్లోకి వెళ్లింది. అందులో అంబేడ్కర్ దాహాన్ని చేపలు, నెమళ్లు, నీళ్లు చెబుతాయి. చదువు రాని అమ్మకు చూపించినా ఆమెకు కథ అర్థమవుతుంది. ఇటీవలి వాటిలో అశోక్ గోపాల్ రాసిన అంబేడ్కర్ జీవితచరిత్ర 'ఎ పార్ట్ అపార్ట్' 2023లో వెలువడింది. మరాఠీ మూలాలను తవ్వి రాసిన బృహద్గ్రంథం. పరిశోధక విద్యార్థులు గ్రంథాలయాల చేత కొనిపించవలసినది.

అయితే ఈ సంస్థను పొగిడి ఊరుకుంటే అసలు ప్రశ్న దాటవేసినట్టే. 2014లో నవయాన 'కుల నిర్మూలన'కు వివరణలతో కూడిన ప్రత్యేక కూర్పు తెచ్చింది. దానికి అరుంధతీ రాయ్ సుదీర్ఘమైన ప్రవేశిక రాశారు. మూలగ్రంథమంత పొడవున్న ఆ ప్రవేశిక ఎక్కువగా గాంధీ చుట్టూ తిరిగింది. పుస్తకం మీద ప్రచారమంతా ప్రవేశిక రాసినవారి పేరు చుట్టూ తిరిగింది. దళిత బహుజన రచయితలు నిలదీశారు. అంబేడ్కర్‌ను చదవడానికి ఒక సవర్ణ రచయిత్రి వాకిలి దాటి రావాలా? ఆ పుస్తకాన్ని దశాబ్దాలుగా రూపాయలకు, అణాలకు అచ్చువేసి బతికించుకున్న అంబేడ్కరీయుల ఊసేది? హైదరాబాద్‌లో బలపడిన 'దళిత్ కెమెరా' అరుంధతికి బహిరంగ లేఖ రాసింది. 2015లో ఈ విమర్శలన్నీ 'హేట్రెడ్ ఇన్ ద బెల్లీ' అనే సంకలనంగా వచ్చాయి. ఆ శీర్షిక మన జూపాక సుభద్ర ప్రసంగంలోని మాట నుంచి తీసుకున్నది. ప్రచురణ షేర్డ్ మిర్రర్, అదీ హైదరాబాద్ నుంచే. దేశమంతా నడిచిన ఆ వాదానికి పేరు పెట్టింది తెలంగాణ దళిత స్త్రీ అన్న సంగతి మన పత్రికల్లో ఎంతమందికి గుర్తుంది?

ఆ విమర్శలో నేను చాలావరకు విమర్శకుల పక్షమే. ప్రవేశికలోని వాదాలు తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. అంబేడ్కర్ పుస్తకానికి ఇంకొకరి పేరు అమ్మకపు సరుకు కావడంలోనే పొరపాటుంది. అలాగని నవయాన వేసిన పుస్తకాలన్నిటినీ పక్కన పెట్టమనే వాదాన్ని నేను అంగీకరించను. ఆ కూర్పులోని వివరణలు విద్యార్థికి అక్కరకు వచ్చేవి. గెయిల్ ఆమ్‌వెట్ 'సీకింగ్ బేగంపురా', దిలీప్ చిత్రే అనువదించిన నామ్‌దేవ్ ఢసాల్ కవిత్వం అదే సంస్థ నుంచి వచ్చాయి. ఆనంద్ తేల్‌తుంబ్డే 'రిపబ్లిక్ ఆఫ్ కాస్ట్' కూడా అక్కడిదే. ఆ రచయిత 2020లో, అదీ అంబేడ్కర్ జయంతి నాడు, పోలీసులకు లొంగిపోవలసి వచ్చింది. బెయిలు దొరికింది 2022 నవంబరులో. అలాంటి రచయితను ప్రచురించడం తేలికపాటి పని కాదు. అదే సంస్థ, మోదీని బహిరంగంగా సమర్థించారన్న కారణంతో జో డి క్రూజ్ తమిళ నవల అనువాదాన్ని 2014లో ఆపివేసింది. నవలను నవలగా చూడకుండా రచయిత ఓటును చూశారని నాకు అనిపించింది. స్వతంత్ర ప్రచురణకర్తలు కూడా మనుషులే. వాళ్లకూ అభిమానాలు, అంధత్వాలు ఉంటాయి.

నవయాన నడిపే ఆనంద్, బుక్ ట్రస్టును నడిపిన గీతా రామస్వామి ఇద్దరూ పుట్టుక రీత్యా బ్రాహ్మణులు. ఇద్దరూ దానిని దాచుకోలేదు. 2022లో నవయాన ప్రచురించిన గీత ఆత్మకథ 'ల్యాండ్, గన్స్, కాస్ట్, వుమన్'ను ఈ దృష్టితో చదవాలి. సంప్రదాయ తమిళ కుటుంబం నుంచి నక్సలైటు రాజకీయాల్లోకి, ఎమర్జెన్సీ చీకట్లోకి, అక్కడి నుంచి ఘాజియాబాద్ పాకీ పనివారి వాడకు, ఆ తరువాత ఇబ్రహీంపట్నం భూపోరాటాలకు నడిచిన జీవితమది. అందులో నాకు విలువైనదిగా తోచినది త్యాగం కాదు. తన కులం తనకు ఎక్కడెక్కడ రక్షణగా నిలిచిందో, ఎక్కడ కళ్లు కప్పిందో ఒప్పుకోవడం. మన వామపక్ష ఆత్మకథల్లో ఈ గుణం అరుదు.

కాని యజమాని మంచివాడా చెడ్డవాడా అన్నది ప్రశ్న కాదు. అచ్చుయంత్రం ఎవరి చేతిలో ఉంది అన్నది ప్రశ్న. అందుకే 2016లో యోగేశ్ మైత్రేయ పెట్టిన 'పాంథర్స్ పా', 2012లో రూబీ హేంబ్రోమ్ ఆదివాసీ రచనల కోసం కోల్‌కతాలో పెట్టిన 'ఆదివాణి' నాకు ముఖ్యమైన వార్తలుగా తోచాయి. ఈ సంస్థల వెనుక పెట్టుబడిదారులు లేరు. ఒకరిద్దరు మనుషుల మొండితనం మీద నడిచేవి. ఒక విచిత్రం చూడండి: దళితుల సొంత ప్రచురణ సంస్థ పెట్టిన యోగేశ్ తన ఆత్మకథను మాత్రం పెంగ్విన్‌కు ఇచ్చారు. తప్పు పట్టను. చిన్న సంస్థ పుస్తకం విమానాశ్రయపు దుకాణానికి చేరదు, సమీక్షకుడి బల్ల మీదికీ చేరదు. ఆ గోడ ఎంత ఎత్తుందో ఆ నిర్ణయమే చెబుతోంది.

తెలుగు వాళ్లకు మరో చిక్కు ఉంది. మన జీవితాలు ఇప్పుడు ఇంగ్లిషులోనే ముందు స్థిరపడుతున్నాయి. శివసాగర్ కుటుంబ కథను ఆయన మేనకోడలు సుజాత గిడ్ల 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'గా రాశారు, అది 2017లో న్యూయార్క్‌లో అచ్చయింది. వై.బి. సత్యనారాయణ తన తండ్రి కథను 2011లో ఇంగ్లిషులోనే ప్రచురించారు, తెలుగు తరువాత వచ్చింది. 'నేను హిందువునెట్లయిత?' సైతం 1996లో కోల్‌కతా సంస్థ సామ్య ద్వారా ఇంగ్లిషులో వచ్చి లోకాన్ని కుదిపింది. ఇంగ్లిషులో వస్తే విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికలో చేరుతుంది, మరణం ఉండదు. తెలుగులో వస్తే వెయ్యి ప్రతులో, అయిదు వందల ప్రతులో వేసి, అవి అయిపోయాక మళ్లీ వేసే నాథుడుండడు. తెలుగు కవి అనువాదంలో దొరుకుతాడు, తెలుగులో దొరకడు! ఈ దుస్థితికి ఇంగ్లిష్ ప్రచురణకర్తలను తిట్టి లాభం లేదు. తెలుగులో మళ్లీ అచ్చువేయకపోవడం మన బాధ్యత.

ఇప్పుడు ఆ విద్యార్థి కొన్న మూడు పుస్తకాలు. మొదటిది 'కుల నిర్మూలన', చెప్పనక్కరలేదు. రెండవది 'మా నాయన బాలయ్య'. కరీంనగర్ జిల్లా వంగపల్లి నుంచి మొదలయ్యే మూడు తరాల కథ. ముత్తాత చేసిన చెప్పుల పనితనానికి మెచ్చి నిజాం యాభై ఎకరాలు ఇస్తే, ఊరి దొర రెండెకరాలు వదిలి మిగిలింది లాగేసుకున్నాడు. ఆ ఒక్క సంఘటనలో తెలంగాణ భూమి చరిత్ర అంతా ఉంది. ఊరు వదిలి రైల్వేలో చేరిన కుటుంబానికి ఆ ఉద్యోగం ఇచ్చినది జీతం మాత్రమే కాదు, ఊరి కట్టుబాటు నుంచి దూరం. పిల్లలను చదివించడానికి బాలయ్య పడిన తపన, అందులోని కాఠిన్యం కూడా, కొడుకు దాచకుండా రాశాడు. ఇంట్లో మొదటి తరంగా చదువుకుంటున్న ప్రతి విద్యార్థి ఈ పుస్తకం చదివి తన తండ్రిని మరోసారి చూసుకుంటాడు.

మూడవది జి. కల్యాణరావు 'అంటరాని వసంతం', విప్లవ రచయితల సంఘం ప్రచురణగా వచ్చిన నవల. రూతు జ్ఞాపకాల్లోంచి ఎల్లన్న, సుభద్ర, శివయ్య కదిలివస్తారు. ఉరుములు, చిందు, వీధి భాగోతం, కరువు, వలస, క్రైస్తవం, భూమి, తుపాకి అన్నీ ఒక వంశవృక్షంలో అల్లుకుంటాయి. తెలుగు సాహిత్య చరిత్రల్లో ఎల్లన్నల పాటలు ఎందుకు లేవని ఆ నవల అడిగిన ప్రశ్నకు మన తెలుగు శాఖలు ఇంకా జవాబు చెప్పలేదు. నాలుగో పుస్తకానికి డబ్బు మిగిలి ఉంటే, ఇంగ్లిష్ చదవగలిగితే, భంవర్ మేఘవంశీ 'ఐ కుడ్ నాట్ బీ హిందూ' కొనమనేవాడిని. రాజస్థాన్‌లో ఆర్.ఎస్.ఎస్.లో పనిచేసిన దళిత యువకుడు తన ఇంట్లో ప్రేమగా వండించిన భోజనాన్ని కట్టించుకుపోయి దారిలో పారేశారని తెలుసుకున్న ఘట్టం అందులో ఉంది. హిందువులమంతా ఒక్కటే అని క్యాంపస్‌లలో ఇవాళ జరుగుతున్న ప్రచారానికి ఒక్క విస్తరి అన్నం చెప్పిన జవాబు అది.

పుస్తకాలు లేక కాదు, అవి చేతికి చేరే దారి లేకనే ఈ కరువు. ప్రభుత్వ గ్రంథాలయ చట్టం కింద మనం ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను కడుతున్నాం. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఆ సొమ్మును గ్రంథాలయ సంస్థలకు జమచేయడం లేదన్న ఫిర్యాదు రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్లుగా ఉన్నదే. గ్రంథాలయాలు కొనకపోతే చిన్న ప్రచురణకర్త బతకడు. దుకాణదారుకు వెలలో మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి కమీషన్ ఇచ్చుకుని, కాగితం ఖర్చు, కూర్పు ఖర్చు పోగా అతనికి మిగిలేది అమ్ముడుపోని కట్టలు. దూరపు పాఠకుడికి నేరుగా పంపుదామంటే, చౌకగా ఉండిన రిజిస్టర్డ్ బుక్‌పోస్ట్ సదుపాయాన్ని తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తివేసింది. పార్లమెంటులో దీని మీద గొంతు చించుకున్నవారెవరూ నాకు గుర్తుకు రారు.

2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరించారు. 2024 జనవరిలో విజయవాడలో మరొకటి లేచింది. రెంటికీ కలిపి ఖర్చు వందల కోట్లు. విగ్రహాలు వద్దనే వాదం నాది కాదు. ఊరి నడిబొడ్డున కోటు వేసుకుని నిలబడిన అంబేడ్కర్ విగ్రహం కోసం దెబ్బలు తిన్న వాడలు ఎన్నో ఉన్నాయి, వాటి విలువ నాకు తెలుసు. కాని ఆ విగ్రహం చేతిలో పుస్తకం ఉంటుంది. ఆ పుస్తకం తెలుగులో ఏ జిల్లా కేంద్రంలోనైనా, ఏ రోజైనా, హాస్టల్ విద్యార్థి కొనగలిగిన వెలకు దొరికేలా చేయడానికి విగ్రహ వ్యయంలో నూరో వంతు చాలు. ప్రతి సంక్షేమ హాస్టల్‌కు, ప్రతి గురుకులానికి యాభై పుస్తకాల పెట్టె ఇవ్వడం ఏ ప్రభుత్వానికైనా పెద్ద పని కాదు. టెండర్లు పిలిచి గైడు పుస్తకాలు నింపకుండా ఉంటే చాలు.

ప్రభుత్వం కోసం కాచుకుని కూర్చోనక్కరలేదు కూడా. నాగపూర్ దీక్షాభూమికి, డిసెంబరు 6న దాదర్ చైత్యభూమికి వెళ్లినవారికి తెలుసు. కూలి పని చేసుకునే కుటుంబాలు పిల్లలను వెంటేసుకుని వచ్చి, పరదాలు పరిచి అమ్మే పుస్తకాల ముందు కూర్చుంటాయి. పదికో ఇరవైకో ఒక పుస్తకం కొనుక్కుని ఇంటికి పోతాయి. ఆ అంగళ్లే మరాఠీ దళిత సాహిత్యాన్ని బతికించాయి, ఏ అకాడమీ కాదు. మన ఏప్రిల్ 14 సభల్లో ఫ్లెక్సీలు ఉంటాయి, డీజే ఉంటుంది, భోజనాలు ఉంటాయి. పుస్తకాల బల్ల ఉన్న సభలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒక ఫ్లెక్సీకి అయ్యే ఖర్చుతో 'కుల నిర్మూలన' ప్రతులు ఎన్ని వస్తాయో విద్యార్థి సంఘాలు ఒకసారి లెక్క వేసుకోవాలి.

ఆ విద్యార్థి వెళ్లబోతూ మరో మాట అడిగాడు: "సదాలక్ష్మి గారి పుస్తకం యాడ దొరుకుతది సార్?" నా దగ్గరున్న ప్రతి ఇస్తానన్నాను, అతని నంబరు రాసుకున్నాను. నెల తరువాత తిరిగి ఇచ్చాడు. అట్ట మీద కొత్త కాగితం వేసి, లోపల హాస్టల్‌లో చదివిన వాళ్ల పేర్లు పెన్సిలుతో రాశాడు. పదకొండు పేర్లున్నాయి.